పడవల మీద ‘జంప్ నొక్కినా ఎగరడం లేదు’ అంటున్నారు. కోడ్‌లో తప్పు కనబడటం లేదు, మరి ఎక్కడుంది?

హార్బర్ పిల్లోడు:

అందరికీ నమస్తే. యూనిటీలో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక 2డి ప్లాట్‌ఫార్మర్, అంటే గెంతుకుంటూ ముందుకెళ్లే ఆట తయారవుతోంది, ఆండ్రాయిడ్ ఫోన్లకి. జాలరి పిల్లాడొకడు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బయల్దేరి, బీచ్ రోడ్డు పొడవునా పరుగెత్తి కైలాసగిరి చేరాలి. మొదటి లెవెల్ జెట్టీ గచ్చు మీద. రెండోది అలలకి ఊగే మరపడవల మీద ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతుకుంటూ. మూడో లెవెల్ నుంచి బీచ్ రోడ్డు. పాత్ర ఎడమ నుంచి కుడికి పరుగెడుతుంది, వెనక సముద్రం.

జెట్టీ మీద ఎవరికీ ఇబ్బంది లేదు. పడవల దగ్గరే గొడవంతా. ఎనిమిది మంది చేతికి ఫోన్ ఇస్తే ఆరుగురు రెండో పడవ దగ్గరే ఆపేశారు. ‘నొక్కాను, ఎగరలేదు’, ‘అన్యాయంగా చంపేస్తోంది’ అన్నవే ఎక్కువ. కంప్యూటర్‌లో కీబోర్డుతో ఆడితే మాత్రం బాగానే ఉంటోంది.

వివరాలు: పరుగు వేగం సెకనుకి 6 యూనిట్లు (యూనిటీలో దూరం కొలత). గెంతితే 0.6 సెకను గాల్లో ఉంటాడు. పడవకీ పడవకీ మధ్య ఖాళీ 3.2 యూనిట్లు. పడవ సైన్ వేవ్‌లో 0.4 యూనిట్లు పైకీ కిందకీ ఊగుతుంది, ఒక ఊపుకి 2 సెకన్లు. జంప్‌కి తెర మీద మామూలు యూఐ బటన్, ఆన్‌క్లిక్‌తో (బటన్ నొక్కారని కోడ్‌కి చెప్పే ఈవెంట్). మొదట్లో నాలుగు లైన్ల ట్యుటోరియల్ కూడా ఉంది.

వేగం తగ్గించమంటారా, ట్యుటోరియల్ పెంచమంటారా?

ఫ్రేమ్ లెక్క:

రెండూ వద్దు. మీరిచ్చిన అంకెల్లోనే జవాబుంది, ఒకసారి లెక్క కట్టి చూద్దాం.

6 యూనిట్ల వేగం, 0.6 సెకను గాల్లో. అంటే గెంతు పొడవు 3.6 యూనిట్లు. ఖాళీ 3.2. ఆటగాడు పడవ అంచుకి 0.4 యూనిట్ల లోపల ఉన్నప్పుడు నొక్కితేనే అవతలి పడవ అందుతుంది. ఆ వేగంలో 0.4 యూనిట్లు దాటడానికి పట్టేది 0.067 సెకను. మొబైల్‌లో మీరు ఏమీ సెట్ చెయ్యకపోతే యూనిటీ సెకనుకి 30 ఫ్రేముల దగ్గరే నడుస్తుంది, కాబట్టి సరిగ్గా నొక్కడానికి దొరికే ఆ కిటికీ సరిగ్గా రెండు ఫ్రేములు. రెండో లెవెల్లో ఇంత బిగువైన గెంతు పెడితే ఎవరైనా ఆటనే తప్పుపడతారు.

అంతకంటే పెద్దది ఆన్‌క్లిక్. యూనిటీ యూఐ బటన్‌లో ఆన్‌క్లిక్ వేలు ఆనించినప్పుడు కాదు, వేలు తీసినప్పుడు పనిచేస్తుంది. వేలు ఆనించి తీయడానికి దాదాపు పదో వంతు సెకను పడుతుంది. మీ కిటికీయే 0.067. సరైన క్షణంలో నొక్కినవాడు కూడా వేలు తీసేసరికి నీళ్లలో ఉంటాడు. ‘నొక్కాను, ఎగరలేదు’ అన్నవాళ్లు అక్షరాలా నిజం చెప్పారు. కీబోర్డుతో బాగుండటానికి కారణం కూడా ఇదే: కీ నొక్కగానే కోడ్‌లోని గెట్‌కీడౌన్ అందుకుంటుంది. పైగా కంప్యూటర్‌లోని యూనిటీ ఎడిటర్ 30 ఫ్రేములకి ఆగదు. బటన్ తీసేసి, వేలు ఆనగానే పనిచేసే పాయింటర్ డౌన్ ఈవెంట్ పెట్టండి. ఎక్కువసేపు నొక్కితే ఎత్తుగా ఎగరడం లాంటిది కూడా దానితోనే సాధ్యం. అప్లికేషన్ టార్గెట్ ఫ్రేమ్‌రేట్ 60 చెయ్యండి.

మూడోది, పడవ ఊపు. పడవని ట్రాన్స్‌ఫామ్ పొజిషన్ (వస్తువు ఉన్న చోటు) నేరుగా మార్చి ఊపుతున్నారని అనుకుంటున్నా. అలా చేస్తే పడవకి వేగం ఉందని, కదలికలు లెక్కకట్టే యూనిటీ ఫిజిక్స్‌కి తెలియదు. మీ సైన్ వేవ్ ప్రకారం మధ్యలో పడవ సెకనుకి సుమారు 1.26 యూనిట్ల వేగంతో దిగుతుంది. పడవ పాత్ర కాళ్ల కింద నుంచి జారిపోతుంది, పాత్ర తన బరువుతో దాన్ని అందుకునేలోపు కొన్ని ఫ్రేములు గాల్లో ఉంటాడు. కంటికి కనబడదు, కానీ ‘నేల మీద ఉన్నాడా’ అనే పరీక్ష కాదంటుంది, జంప్ పోతుంది. గచ్చు మీద రాని సమస్య పడవల మీద రావడానికి కారణం ఇది. పడవకి కైనమాటిక్ రిజిడ్‌బాడీ 2డి (కోడ్ చెప్పినట్టే కదులుతూ ఫిజిక్స్‌కి కూడా తెలిసే వస్తువు) పెట్టి మూవ్‌పొజిషన్‌తో కదపండి, పడవ మీద ఉన్నంతసేపు పడవ వేగాన్ని పాత్రకి కలపండి.

ఆ తర్వాత ఆటగాడికి రెండు వెసులుబాట్లు పెట్టాలి. మొదటిది కొయోటీ టైమ్: అంచు దాటిన కాసేపటికి నొక్కినా జంప్ ఒప్పుకోవడం. సెలెస్ట్ (2018) అనే ప్లాట్‌ఫార్మర్ ఆట తయారుచేసినవాళ్లు తమ ప్లేయర్ కోడ్‌ని బయటపెట్టారు, అందులో ఇది 0.1 సెకను. రెండోది జంప్ బఫర్: నేల తాకడానికి కాస్త ముందే నొక్కితే ఆ నొక్కుడుని గుర్తుంచుకుని, తాకగానే ఎగరేయడం. 0.08 నుంచి 0.12 సెకను మధ్య సరిపోతుంది.

వీటిలో అందరూ చేసే తప్పులు మూడు. జంప్ అవగానే కొయోటీ కౌంటర్‌ని (ఆ సమయం లెక్కపెట్టే అంకె) సున్నా చెయ్యకపోతే గాల్లో రెండో జంప్ వస్తుంది. బఫర్ కౌంటర్‌ని సున్నా చెయ్యకపోతే దిగగానే తనంతట తనే మళ్లీ గెంతుతాడు. మూడోది దొరకడం కష్టం: జంప్‌ని యాడ్‌ఫోర్స్‌తో, అంటే పైకి తోసే బలంగా ఇస్తే, అంచు దాటి పడటం మొదలైన పాత్రకి కిందకి ఉన్న వేగం ఆ బలంలోంచి తీసివేత అవుతుంది, గెంతు పొట్టిదవుతుంది. కాబట్టి నిలువు వేగాన్ని నేరుగా ఒకే అంకెకి సెట్ చెయ్యండి.

ఇన్‌పుట్‌ని (ఆటగాడి నొక్కుళ్లని) ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో, అంటే ఫిజిక్స్ కోసం తిరిగే కోడ్‌లో చదవొద్దు. అది డిఫాల్ట్‌గా సెకనుకి 50 సార్లే తిరుగుతుంది, ఫ్రేములు 60. కొన్ని నొక్కుళ్లు ఆ సందులో పడి మాయమవుతాయి. ఫ్రేముకి ఒకసారి తిరిగే అప్‌డేట్‌లో చదివి కౌంటర్‌లో దాచి, ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో వాడండి.

ఖాళీని 2.5 యూనిట్లకి తెస్తే కిటికీ 0.18 సెకను, కొయోటీతో కలిపి 0.28. మొదటి మూడు పడవలకి అది చాలు. 3.2 యూనిట్ల ఖాళీ ఆఖరి పడవలకి దాచుకోండి, అక్కడ అది సరదాగా ఉంటుంది.

ఇంకో ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి వేలూ తెరా రెండూ కనబడేలా తీయండి. వేలు తాకిన ఫ్రేమ్ నుంచి పాత్ర కదిలిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి, ఒక్కో ఫ్రేము 4.2 మిల్లీసెకన్లు. 24 ఫ్రేములు దాటిందంటే జంప్ చేతికి బరువుగా తగులుతుంది.

పెదవాల్తేరు పిక్సెల్:

పై లెక్కంతా సరైనదే. కానీ ‘అన్యాయం’ అనే మాట చేతి దగ్గర ఎంత పుడుతుందో కంటి దగ్గర కూడా అంతే పుడుతుంది.

మీ స్క్రీన్‌షాట్ ఒకటి నలుపు-తెలుపు చేసి చూడండి. నిలబడగలిగే పడవా, వెనక బొమ్మగా వేసిన పడవా ఒకే బూడిదరంగులో కనబడితే జనం బొమ్మ పడవ మీదకి గెంతుతారు, నీళ్లలో పడతారు. ఫిషింగ్ హార్బర్‌లో నిజంగానే నీలం, ఆకుపచ్చ, ఎరుపు పడవలు పక్కపక్కనే కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ఫోటో చూసి వేసినవాళ్లకి ఈ తప్పు జరగడం ఖాయం. వెనక వరస రంగులు బాగా పలచబరచండి. నిలబడే పడవల పై అంచుకి మాత్రం ఒక లేత గీత ఇవ్వండి. ఆట మొత్తంలో ఆ గీత ఉన్నచోటే కాలు నిలుస్తుంది అని కన్ను రెండు పడవల్లో నేర్చుకుంటుంది, చెప్పక్కర్లేదు.

పడవ ముక్కు పైకి లేచి ఉంటుంది. మీ కొలైడర్ (తగిలిందో లేదో ఆట చూసే కనబడని హద్దు) అడ్డంగా పెట్టె ఆకారంలో ఉంటే పాత్ర ముక్కు లోపలికి దూరినట్టో, ముక్కు పక్కన గాల్లో నిలబడ్డట్టో కనబడుతుంది. ముక్కు వంపుకి ఎడ్జ్ కొలైడర్ వేయండి. సెలెస్ట్‌లో పైకి ఎగిరినప్పుడు తల మూలకి తగిలితే 4 పిక్సెళ్ల వరకు పాత్రని పక్కకి జరిపి దాటిస్తారు. మీ పడవ తాళ్లకీ, కర్రలకీ అది పనికొస్తుంది. చంపే వస్తువుల కొలైడర్ బొమ్మకంటే చిన్నది, ఏరుకునే వస్తువులది పెద్దది. ముళ్లచేప బొమ్మలో నాలుగింట మూడు వంతులు చాలు.

కెమెరా. పాత్రని తెర ఎడమ నుంచి మూడో వంతులో ఉంచండి, ముందేముందో కనబడాలి. నిలువుగా డెడ్‌జోన్ (పాత్ర కాస్త కదిలినా కెమెరా కదలని మేర) తప్పకుండా పెట్టండి. లేకపోతే పడవతో పాటు కెమెరా ఊగుతుంది, అప్పుడు పడవ కదలకుండా సముద్రమే లేచి పడినట్టు కనబడుతుంది. ఖాళీ దూరం కొలవడానికి కంటికి ఆధారమే ఉండదు, కొందరికి తల తిరుగుతుంది కూడా.

నాలుగు లైన్ల ట్యుటోరియల్ తీసేయండి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చివర్లో మెట్ల వరసలు చూడండి: మొదటి జంట మెట్ల మధ్య గట్టి నేల, గురితప్పి పడ్డా ఏమీ కాదు. వెంటనే అలాంటి జంటే ఇంకోటి, ఈసారి మధ్యలో గొయ్యి. అదే చెయ్యి, అదే దూరం, ప్రమాదం ఒక్కటే కొత్త. మీకూ ఆ అవకాశం జెట్టీ దగ్గరే ఉంది. జెట్టీ చివర లోతులేని నీళ్లలో ఒక పడవ పెట్టండి. పడితే మోకాలి లోతు నీళ్లు, నడిచి మళ్లీ ఎక్కొచ్చు. పడవ ఊగుతుందనే సంగతి అక్కడ తెలిసిపోవాలి. ఆ తర్వాతే లోతైన నీళ్లు.

ఇక విశాఖవాళ్లకి వెంటనే తగిలే విషయం ఒకటి. మీ ఆటలో పరుగు కుడివైపు, వెనక సముద్రం, గమ్యం కైలాసగిరి. సముద్రం వైపు తిరిగి నిలబడితే మన కుడిచేతి వైపు దక్షిణం, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంటుంది. కైలాసగిరి ఎడమచేతి వైపు. అంటే మీ ఊరు అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఊరివాళ్లు కారణం చెప్పలేకపోవచ్చు, కానీ ‘ఇది మన బీచ్‌లా లేదేటి’ అనిపిస్తుంది. దీనికి మందు తేలిక: కెమెరాని సముద్రం వైపు నుంచి ఊరివైపు చూసేలా పెట్టండి. ముందు ఇసుక, వెనక రోడ్డూ భవనాలూ కొండలూ. అప్పుడు కుడి అంటే ఉత్తరం, హార్బర్ నుంచి కైలాసగిరికి దారి సరిపోతుంది. కుర్సురా జలాంతర్గామి ఇసుక వైపు కాబట్టి ఆటగాడికి దగ్గరగా, పెద్దగా వస్తుంది. దాని ఎదురుగా రోడ్డుకి అవతల ఉన్న టీయూ-142 విమానం వెనక వరసలో చిన్నగా వస్తుంది. ఆ రెంటి మధ్యే రోడ్డు లోతు తెలిసిపోతుంది. కైలాసగిరి కొండ మూడో లెవెల్ నుంచే దూరంగా కనబడుతూ, లెవెల్ లెవెల్‌కీ పెద్దదవుతూ రావాలి. ఎంత దూరం వచ్చాడో చెప్పే గీత మళ్లీ తెర మీద వెయ్యక్కర్లేదు.

హార్బర్ పిల్లోడు:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పాయింటర్ డౌన్, 60 ఫ్రేములు, మూవ్‌పొజిషన్ మూడూ పెట్టి స్లో మోషన్‌లో చూస్తే ముందు 41 ఫ్రేములున్న ఆలస్యం 17కి దిగింది. ఊరు తిరగబడిన సంగతి అసలు తట్టలేదు, బొమ్మలన్నీ మార్చాలి.

ఇంకా మూడు ప్రశ్నలున్నాయి. తెలుగు అక్షరాలు విరిగిపోతున్నాయి, ‘మత్స్యకారుడు’ అని రాస్తే పొల్లులు విడివిడిగా వస్తున్నాయి. జంప్ శబ్దం ఆలస్యంగా వినబడుతోంది. చచ్చిపోయాక ప్రకటన పెడితే ఎలా ఉంటుంది?

అక్షరం వత్తు:

అక్షరాల సంగతి చెబుతాను. యూనికోడ్‌లో ‘మత్స్య’ అంటే మ, త, పొల్లు, స, పొల్లు, య అనే వరస. ఆ పొల్లుల్ని మింగి కింద వత్తులుగా మార్చేది షేపింగ్ ఇంజన్, ఫాంట్‌లో ఉన్న నియమాలు చదివి చేస్తుంది. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ తెచ్చి వరసగా పెడుతుంది, తెలుగుకి కావలసిన షేపింగ్ చెయ్యదు. కాబట్టి ఫాంట్ మార్చి లాభం లేదు. మండలి పెట్టినా రామభద్ర పెట్టినా అలాగే విరుగుతుంది.

దారులు రెండు. యూనిటీ 6లో యూఐ టూల్‌కిట్‌తో (తెర మీది బటన్లూ మాటలూ తయారుచేసేది) ఉన్న అడ్వాన్స్‌డ్ టెక్స్ట్ జనరేటర్ హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ వాడుతుంది, దాన్ని మీ ఫోన్ల మీద పెట్టి పరీక్షించండి. మీ ఆటలో మాటలు యాభైకి మించకపోతే అంతకంటే సులువైనది, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో రాసి బొమ్మలుగా తెచ్చుకోవడం. మారే అంకెలు మాత్రం టెక్స్ట్‌మెష్ ప్రోలో ఉంచండి, 0 నుంచి 9 వరకు వాటికి షేపింగ్ అక్కర్లేదు. కొత్త ఆటకి ఇంజన్ ఇంకా ఎంచుకోనివాళ్లయితే గోడో 4 చూడండి, అందులో హార్ఫ్‌బజ్ ముందే ఉంది.

పరీక్షకి ‘విశాఖ’ లాంటి సులువైన మాట పెట్టి బాగుందనుకోవద్దు. ‘స్త్రీ’, ‘మత్స్యకారుడు’, ‘లక్ష్యం’, ‘కైలాసగిరి’ ఈ నాలుగూ పెట్టండి. ‘స్త్రీ’లో గుడి దీర్ఘం స మీద కూర్చోవాలి, కింద త వత్తు, పక్కన క్రారవడి. ఎక్కడ తప్పినా దీనిలో బయటపడుతుంది.

తెలుగుకి పైన గుడులు, కింద వత్తులు కాబట్టి లైన్ల మధ్య దూరం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు ఉంచండి. ఇంగ్లిష్‌కి కొలిచిన పెట్టెలో పెడితే కింది వత్తు తెగిపోతుంది. చిన్న సైజులో ద, ధ తేడా కనబడదు, 16 కంటే తగ్గించొద్దు. బీచ్‌లో ఎండలో ఆడేవాళ్లుంటారు, అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1. ఇసుకరంగు మీద తెల్ల అక్షరాలు వేస్తే అది ఎప్పటికీ రాదు. బటన్ల మీద ‘పునఃప్రారంభించు’ వద్దు, ‘మళ్లీ’ చాలు.

సిరిపురం శబ్దం:

జంప్ శబ్దం ఆలస్యం మూడు చోట్ల ఉండొచ్చు. మొదట ఫైలునే వేవ్ ఎడిటర్‌లో పెద్దది చేసి చూడండి, చాలాసార్లు మొదట్లోనే కొంత నిశ్శబ్దం ఉంటుంది, దాన్ని కోసేయండి. తర్వాత యూనిటీలో ఆ క్లిప్‌కి లోడ్ టైప్ ‘డీకంప్రెస్ ఆన్ లోడ్’ పెట్టండి, శబ్దం ముందే విప్పి సిద్ధంగా ఉంటుంది. చివరగా ఆడియో సెట్టింగుల్లో డీఎస్‌పీ బఫర్ సైజ్ ‘బెస్ట్ లేటెన్సీ’ (అతి తక్కువ ఆలస్యం) చెయ్యండి. చవక ఫోన్లలో ఈ మూడోదానితో శబ్దం చిటపటలాడితే ‘గుడ్ లేటెన్సీ’కి రండి.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల ఆలస్యాన్ని మీరు ఏమీ చెయ్యలేరు. సిటీ బస్సులో ఆడేవాడు శబ్దమే కట్టేస్తాడు. అందుకని జంప్ పడిందన్న కబురు శబ్దం ఒక్కదాని మీద ఆధారపడకూడదు. నొక్కిన ఫ్రేములోనే పాత్ర నిలువుగా సాగాలి, దిగినప్పుడు ఐదారు ఫ్రేములు అణగాలి, కాళ్ల దగ్గర నీటి తుంపర లేవాలి. బటన్ గురించి కూడా ఒక మాట: బస్సులో నిలబడి ఒక చేత్తో పట్టుకున్నవాడి బొటనవేలు ప్రతిసారీ ఒకే చోట పడదు. ఆండ్రాయిడ్ చెప్పే కనీస సైజు 48 డీపీ (తెర సాంద్రతతో మారని కొలత), జంప్‌కి అది చాలదు. తెర కుడి సగం మొత్తం జంప్ చేసేయండి.

ఇక చావు. చచ్చిన క్షణం నుంచి మళ్లీ వేలికి అదుపు వచ్చేదాకా స్టాప్‌వాచ్‌తో కొలవండి. పడిపోయే యానిమేషన్, తెర నల్లబడటం, సీన్ మళ్లీ లోడవడం కలిపితే సులువుగా మూడు సెకన్లు దాటుతుంది. సీన్‌ని లోడ్ చెయ్యొద్దు, పాత్రనీ పడవలనీ మొదటి చోటుకి తెచ్చి వేగాలు సున్నా చెయ్యండి. మొత్తం ఒక సెకను లోపల తేలాలి. ఆలోపు మళ్లీ గెంతితే తప్పు ఎక్కడ చేశాడో ఇంకా కళ్లముందే ఉంటుంది. మూడు సెకన్లయ్యేసరికి విసుగు మాత్రమే మిగులుతుంది. ప్రకటన సరిగ్గా ఆ సందులోనే దూరుతుంది, అందుకే చావు తర్వాత అస్సలు వద్దు. లెవెల్ గెలిచాక పెట్టండి.

‘ప్రకటనలు తీసేయండి’ అని డబ్బు అడిగే పెట్టె పెడితే, వద్దనే బటన్ మీద ‘వద్దు’ అనే రాయండి. ‘వద్దు, నాకు ఓడిపోవడమే ఇష్టం’ లాంటివి కొన్ని ఆటల్లో కనబడతాయి. సిగ్గుపరిచి కొనిపించడమది. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లని మోసపుచ్చే డిజైన్లు) మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 రకాల్లో ఇదొకటి. లేని తొందర పుట్టించే ‘ఇంకా 5 నిమిషాలే’ గడియారం కూడా ఆ జాబితాలోదే.

ఫ్రేమ్ లెక్క:

17 ఫ్రేములు అంటే 71 మిల్లీసెకన్లు, చాలా బాగుంది. ఒక జాగ్రత్త: ఇప్పుడు బాగుందని కొయోటీ టైమ్‌ని 0.2కి పెంచొద్దు. మీ వేగంలో 0.1 సెకనుకే పాత్ర అంచు దాటి 0.6 యూనిట్లు వెళ్తాడు, 0.2 అయితే 1.2 యూనిట్లు. గాల్లో నడిచి గెంతినట్టు అందరికీ కనబడిపోతుంది.

అయినా కష్టమనేవాళ్లకి సెలెస్ట్‌లో చేసినట్టు ఆట వేగం 100% నుంచి 50% వరకు పదేసి చొప్పున తగ్గించుకునే వీలు ఇవ్వండి. టైమ్‌స్కేల్ (ఆటలో కాలం నడిచే వేగం) 0.8 చేసినప్పుడు ఫిక్స్‌డ్ డెల్టాటైమ్‌ని (ఫిజిక్స్ ఒక్కో అడుగు సమయం) కూడా 0.02 × 0.8 చెయ్యండి. లేకపోతే ఫిజిక్స్ తక్కువసార్లు తిరిగి కదలిక కుదుపులుగా వస్తుంది. కొయోటీ, బఫర్ కౌంటర్లు మామూలు డెల్టాటైమ్‌తోనే (టైమ్‌స్కేల్‌తో పాటు మారే ఫ్రేము సమయం) ఉంచండి, వేగం తగ్గినకొద్దీ ఆటగాడికి అవి నిజ సమయంలో పెద్దవవుతాయి, మనకి కావలసింది అదే. సెట్టింగుల్లో దాని పేరు ‘ఆట వేగం’ అని మాత్రమే పెట్టండి, ‘సులువు మోడ్’ అనొద్దు. మార్పులయ్యాక పరీక్షకి పాత ఎనిమిది మందిని పిలవకండి, వాళ్ల వేళ్లకి పాత ఆలస్యం అలవాటైపోయి ఉంటుంది.